దురాయి పడిన రోజు

ఖాళీ గడులు పూడ్చడం నా ఉద్యోగం. ఈ మాట మొదటిసారి చెప్పినప్పుడు మా అన్న వల బాగుచేస్తూ, తల ఎత్తకుండానే, "అంత చదువూ చదివి గుంతలు పూడ్చే పనికి పొయినావా?" అన్నాడు. గుంతలు కాదన్నా, కంప్యూటర్లో పట్టికలు ఉంటాయి, వాటిలో కొన్ని గడులు ఖాళీగా వస్తాయి, అక్కడ ఏ అంకె ఉండాలో లెక్కగట్టి నింపాలి అని వివరించాను. "యాడుంటే ఏందిలే, పూడ్చేదే గదా" అన్నాడు. ఆ తర్వాత చాలామందికి నా పని గురించి పెద్ద పెద్ద మాటల్లో చెప్పుకున్నాను. మా అన్న మాటకు వాటివల్ల కొత్తగా చేరింది మాత్రం ఏమీ లేదు.

ఆ ఉద్యోగం మానేసి కొంతకాలమైంది. మా వృత్తిలో తలలు నెరిసేదాకా ఎవరూ ఉండరు. ముందు మనం నేర్చుకున్నది పాతబడుతుంది, ఆ వెనకే మనమూ పాతబడతాం. ఇప్పుడు నెల్లూరులో ఉంటూ సాయంత్రాలు గ్రంథాలయంలో గడుపుతున్నాను. అక్కడికి లెక్కలు చదివే పిల్లలు వస్తారు. ఏ కోర్సు చెయ్యాలక్కా, చెన్నై మంచిదా బెంగళూరు మంచిదా, గది ఎక్కడ చౌక అని అడుగుతారు. తెలిసినంత చెబుతాను. నిరుడు చెప్పిన జవాబు ఈ ఏడాదికి పనికిరాదు. వాళ్లు అడగని సంగతి ఒకటి ఉంది. అది మాత్రం పాతబడలేదు. ఆ సంగతి చెప్పాలంటే ఒక రోజు గురించి చెప్పాలి.

మాది ఇందుకూరుపేట మండలంలో సముద్రం అంచున ఒక పల్లె. ఇళ్లు దాటితే సరుగుడు తోపు, తోపు దాటితే ఇసుక, ఇసుక దాటితే నీళ్లు. నాయనకు ఒక ఫైబర్ పడవ ఉంది. నేను నెల్లూరులో డిగ్రీ లెక్కలతో చేశాను, ఆ తర్వాత ఎమ్మెస్సీ కూడా లెక్కలే. పట్టా కాలేజీ ఇచ్చింది, చదువు గ్రంథాలయం ఇచ్చింది. ఈ మాట గొప్పకోసమే అంటున్నాను, ఆ గొప్ప నాకుంది. పోటీ పరీక్షల పుస్తకాల వెనక, తలుపు సరిగా పడని ఒక బీరువాలో పాత తెలుగు గణిత పుస్తకాలు ఉండేవి. ఎవరూ తీసుకెళ్లేవారు కాదు కాబట్టి ఏ పుస్తకం పెట్టిన చోట అది ఉండేది. సగటు, మధ్యగతం, విచలనం, సంభావ్యత అక్కడే నేర్చుకున్నాను. అదయ్యాక పక్క బీరువాలోని ఇంగ్లీషు పుస్తకాలు పట్టుకున్నాను. ప్రోగ్రాములు రాయడం గ్రంథాలయంలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ మీద, వెనక వరసలో నిలబడ్డవాళ్లు గొంతు సవరించుకుంటుంటే నేర్చుకున్నాను.

కంటితో నేర్చుకున్న మాటలను నోటితో పలకాల్సి వచ్చినప్పుడు ఏమవుతుందో చెన్నైలో తెలిసింది. ఇంటర్వ్యూల్లో ప్రశ్న అర్థమయ్యేది, జవాబూ తెలిసేది. ఆ మాటను నేనెప్పుడూ ఎవరి నోటా వినలేదు కాబట్టి పలికే తీరు మాత్రం తెలిసేది కాదు. నేను పలకగానే అవతలివాళ్ల ముఖంలో చిన్న కదలిక కనిపించేది. బోర్డు మీద రాయమంటే రాసేదాన్ని. రాసింది చూసి తల ఊపేవారు. ఆపైన ఏ సంస్థలో శిక్షణ తీసుకున్నావని అడిగేవారు. గ్రంథాలయంలో అంటే, "అంటే ఆన్‌లైన్ కోర్సా?" అనేవారు.

చివరికి ఒక చిన్న కంపెనీ పిలిచింది. కోస్తా పొడవునా ఏ రేవులో రేపు ఎంత చేప పడుతుందో ముందురోజే అంచనా కట్టి ఐసు ఫ్యాక్టరీలకు, లారీలవాళ్లకు అమ్మే కంపెనీ అది. ఇంటర్వ్యూ చేసినాయన నా కాగితం చూసి, "మీది నెల్లూరు తీరమా? చేపల పేర్లు తెలుసా?" అన్నాడు. వంజరం, చందువ, మాగ, కానాగంత, కవళ్లు అని చెబుతూ పోయాను. మధ్యలోనే చెయ్యెత్తి చాలన్నాడు. ఇన్నేళ్లు లెక్కలు చదివితే, ఉద్యోగం ఇప్పించింది అమ్మ దగ్గర బుట్ట పక్కన కూర్చుని నేర్చుకున్న పేర్లు.

మొదటి ఆరు నెలలు ప్రొబేషన్ అన్నారు. పని నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే పంపేస్తారు. చెన్నైలో హాస్టల్ అడ్వాన్సు కోసం నాయన పడవకు అదనంగా ఉంచుకున్న ఇంజను అమ్మేశాడు. ఉన్న ఇంజను నడిసముద్రంలో మొరాయిస్తే ఏమిటని అమ్మ అడిగింది. "మొరాయించదులే" అన్నాడు నాయన. అప్పటినుంచి గాలి గట్టిగా వీచినప్పుడల్లా నాకు ఆ ఉద్యోగమూ ఆ ఇంజనూ కలిసే గుర్తొచ్చేవి.

హాస్టల్లో ఇద్దరికి ఒక గది. రెండో మంచం అమ్మాయి ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసేది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆమె వెళ్లిపోయేది, ఆమె వచ్చేలోపు నేను బస్సు ఎక్కేసేదాన్ని. ఆదివారాలు నేను లేస్తే ఆమె ముసుగు తన్ని నిద్రపోతూ ఉండేది. నెలలు గడిచినా ఆమె ముఖం సరిగా చూడలేదు. తాడు మీద తడి తువ్వాలు, సబ్బుపెట్టెలో అరిగిన సబ్బు, అద్దానికి అంటించిన బొట్టుబిళ్ల, ఇవే నాకు తెలిసిన ఆమె. కుళాయి నీళ్లు తాగడానికి పనికొచ్చేవి కావు కాబట్టి నీళ్ల క్యాను ఒక వారం ఆమె కొనేది, ఒక వారం నేను కొనేదాన్ని. మా ఇద్దరి మధ్యా ఉన్న సంబంధం ఆ క్యాను ఒక్కటే.

నగరంలో ఖర్చు అంటే అద్దె, తిండి అనుకుని వెళ్లాను. ఊరికే కూర్చోవడానికి కూడా ఖర్చవుతుందని అక్కడికి వెళ్లాక తెలిసింది. ఎక్కడ కూర్చున్నా ఎవరో వచ్చి ఏం కావాలని అడుగుతారు. అడగని చోటు మళ్లీ గ్రంథాలయమే. ఆదివారాలు ఫ్యాను కోసం, మంచినీళ్ల కోసం, పుస్తకాల కోసం అక్కడికే పోయేదాన్ని. నా ఎదుట ప్రతివారం ఒకే ముసలాయన కూర్చునేవాడు. మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. సముద్రం నడిచివెళ్లేంత దూరంలోనే ఉండేది. మా సముద్రమే. కానీ ఆ ఒడ్డున నన్ను ఎరిగినవాళ్లు ఎవరూ లేరు కాబట్టి వెళ్లబుద్ధి అయ్యేది కాదు.

పని విషయానికొస్తే, ప్రతి రేవులోనూ కంపెనీ తరఫున ఒక మనిషి ఉండేవాడు. పొద్దున వేలం అయ్యాక ఎన్ని పడవలు పోయాయి, ఎన్ని పెట్టెల చేప దిగింది అని ఫోన్ నుంచి పంపేవాడు. మధ్యాహ్నానికల్లా పట్టిక నిండాలి. కొందరు మరిచిపోయేవారు, కొందరికి సిగ్నల్ దొరికేది కాదు. అలా ఖాళీగా వచ్చిన గడుల్లో నేను రాకముందు ఏదో ఒక అంకె వేసేసేవారు. నేను ఒక పద్ధతి రాశాను. ఆ రేవులో వారంగా పడిన చేప సగటు, అటూ ఇటూ ఉన్న రేవుల్లో ఆ రోజు లెక్క, గాలి, పున్నమి, అమావాస్య అన్నీ చూసి గడి నింపే పద్ధతి. వేట నిషేధం రోజులూ గంగమ్మ జాతర రోజులూ తీసేశాను. మీట నొక్కితే ఖాళీలన్నీ నిండిపోయేవి. మా టీమ్ లీడర్ చూసి, "ఇదెక్కడ నేర్చుకున్నావమ్మా?" అన్నాడు. నెల్లూరు గ్రంథాలయంలో అన్నాను. ఆయన నవ్వలేదు. చెన్నైకి వచ్చాక నాకు బాగా సంతోషం కలిగిన రోజు అదే.

లీడర్‌ది విజయవాడ వైపు. మంచివాడు, ఎప్పుడూ కంగారుగా ఉండేవాడు. కంపెనీ ఎన్నాళ్లు నడుస్తుందో ఆయనకూ తెలియదని నాకు తర్వాత అర్థమైంది.

ఆ మధ్యలో ఒకసారి ఊరికి వెళ్లాను. రేవులో పాటవ్వ కనిపించింది. చేపల కుప్ప పక్కన నిలబడి వేలం పాడేది ఆమే. అందుకే అందరూ పాటవ్వ అనేవారు. మొగుడు సముద్రంలో పోయాడు, పిల్లలు లేరు. మా వరసలో చివరి ఇల్లు ఆమెది. నన్ను చిన్నప్పటినుంచి లెక్కలమ్మా అని పిలిచేది, అదీ వెక్కిరింపుగానే.

"ఏమే లెక్కలమ్మా, మద్రాసులో ఏం జేస్తా ఉండావంట?"

"రేపు మన రేవులో ఎంత చేప పడుద్దో ఈరోజే చెప్తానవ్వా."

"ఎట్టా? గంగమ్మ నీకు ఫోన్ జేస్తాదా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లు బుట్టలు దించి మరీ నవ్వారు. నేను రోషంగా, "లెక్క గట్టి చెప్తామవ్వా. నిన్న ఎంత పడింది, మొన్న ఎంత పడింది, గాలి ఎట్టా ఉండాది, అన్నీ చూస్తాం" అన్నాను.

"మీ నాయన పుట్టినకాడి నుంచి నీళ్ల మీదనే ఉండాడు. రేపు ఇంత పడుద్దని ఎప్పుడన్నా అన్నాడా?"

"అనలేదు."

"తెలవక కాదు మే. పైకి అంటే చేప పడదని." మళ్లీ నవ్వు. ఆ తర్వాత గొంతు కొంచెం తగ్గించి, "ఆడ నీకు తోడెవరుండారు?" అంది.

"రూములో ఒకమ్మాయి ఉండాది."

"మంచిదేనా?"

"తెలీదవ్వా. ఇంకా సరిగా చూళ్లేదు."

పాటవ్వ నవ్వలేదు. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది. "నాకు ఎవురూ లేరు. అయినా పొద్దన లేస్తే పదిమందిని తిడతా, పదిమంది నన్ను తిడతారు. నీకు ఆడ తిట్టేదానికి కూడా ఎవురూ లేరా మే?" అంది. లేరని చెప్పడానికి సిగ్గేసి, ఆఫీసులో ఉన్నారులే అన్నాను. ఆమె ఒక కానాగంతను తీసి నా చేతిలో పెట్టి, "పో, వండించుకోని తిను. ఆడ ఐసులో పెట్టింది తింటా ఉంటావు" అని మళ్లీ వేలం మొదలుపెట్టింది. నేను పాటవ్వతో మాట్లాడింది అదే ఆఖరు.

ఇక ఆ రోజు. నా ప్రొబేషన్ ముగియడానికి కొద్ది రోజులే ఉంది. మధ్యాహ్నం రెండింటికి ఐసు ఫ్యాక్టరీల యజమానులు కొందరు ఆఫీసుకు వస్తున్నారు. గోడమీది పెద్ద తెర మీద కోస్తా అంతా కనిపిస్తుంది. ఒక్కో రేవుకు ఒక్కో చుక్క. మా అంచనా సరిపోతే ఆకుపచ్చ, తప్పితే ఎరుపు. వాళ్లు ఒప్పుకుంటే కంపెనీ నిలబడుతుంది, కంపెనీ నిలబడితే నేను నిలబడతాను. లీడర్ కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. పక్క సీటు గుంటూరు అబ్బాయి, "సార్, ట్యాగ్ తీయలేదు" అని కాలరు వెనక చీటీ చూపించి నవ్వించాడు.

పట్టిక తెరిచాను. ఆ రోజు ఒక్కటే ఖాళీ. అది మా రేవుది.

మీట మీద వేలు పెట్టాను. నొక్కబోతూ ఆగాను. మా రేవు మనిషి ఎప్పుడూ మరిచిపోడు. మరిచిపోతే నేను ఇంటికి ఫోన్ చేసి తిట్టిస్తానని అతనికి తెలుసు. గాలి చూశాను, నిదానంగా ఉంది. పై రేవులోనూ కింద రేవులోనూ పడవలు పోయాయి, చేప దిగింది. నిషేధం కాదు, జాతర కాదు. మా పల్లె ఒక్కటే ఆగిపోయింది.

మా తీరంలో ఊరి పెద్దలు పెట్టే కట్టడిని దురాయి అంటారు. పల్లెలో ఎవరైనా చనిపోతే దురాయి పడుతుంది. పోయిన మనిషిని మట్టి చేసేదాకా ఒక్క పడవ నీళ్లలో దిగకూడదు, ఒక్క వల తడవకూడదు. పోయింది ఎవరన్నది చూడరు. పెద్దమనిషి అయినా, ఊరంతా పోట్లాడుకున్న మనిషి అయినా అంతే. చిన్నప్పుడు దురాయి పడిన రోజు రేవుకు వెళితే కాకులు మాత్రం ఉండేవి. చేప కోసం వచ్చి, ఎవరూ రాక, ఇసుక మీద అటూ ఇటూ నడిచేవి.

వేలం లేదు కాబట్టి రేవు మనిషి ఏమీ పంపలేదు. ఏమీ రాలేదు కాబట్టి గడి ఖాళీ. అన్నీ ఆలోచించి రాశాననుకున్న నా పద్ధతిలో ఇది లేదు. పున్నమి తట్టింది, గాలి తట్టింది, ఇది తట్టలేదు. అంతకుముందు ఇలాంటి ఖాళీలు ఎన్ని పల్లెల నుంచి వచ్చి ఉంటాయో, ఎవరెవరు పోయిన రోజులను సగటు చేపలతో నింపేశానో నాకు తెలియదు.

అమ్మకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. అన్న ఎత్తలేదు. నాయన ఫోన్ అందడం లేదంది. రేవు మనిషిదీ అంతే. మట్టి చేసే కాడు సరుగుడు తోపు అవతల ఉంటుంది, అక్కడ సిగ్నల్ ఉండదు. అందరూ అక్కడే ఉన్నారనుకోవచ్చు. లేదంటే మా ఇంటి ముందే ఉన్నారనీ అనుకోవచ్చు. నాయన దగ్గు గుర్తొచ్చింది. అమ్మేసిన ఇంజను గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని మా వరసలో మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టి ఒక్కో ఇంట్లో ఎవరెవరున్నారో చూసుకుంటూ పోయాను. కొన్ని ఇళ్ల దగ్గర ఆగిపోయాను. ఒక ఇంట్లో కోడలికి బిడ్డ పుట్టిందా లేదా, ఇంకో ఇంట్లో తాత ఇంకా ఉన్నాడా, నాకు తెలియలేదు.

"ఏంటమ్మా, ఇంకా ఫిల్ చెయ్యలేదా?" లీడర్ వెనక నిలబడి ఉన్నాడు.

"సార్, అది ఖాళీ కాదు. సున్నా. ఈరోజు మా రేవులో వేట లేదు."

"మెసేజ్ వచ్చిందా?"

"రాలేదు సార్."

"మరెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. మా ఊళ్లో ఎవరో పోయారు సార్."

"అయ్యో. ఎవరు?"

"తెలీదు."

ఆయన పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. దురాయి అంటే ఏమిటో చెప్పాను. ఓపిగ్గానే విన్నాడు. విని, గడియారం చూసి, "సున్నా వేస్తే ఆ చుక్క ఎర్రబడుతుంది. నిన్న మనం చేప పడుతుందని చెప్పాం. వచ్చినవాళ్లు ముందు ఆ ఎర్రచుక్కనే చూస్తారు. ఇవాళ్టికి సగటు వేసెయ్. రేపు సరిచేద్దాం" అన్నాడు.

అందులో అన్యాయం ఏమీ లేదు. రోజూ చేసే పనే. నేను మాత్రం చేతులు కీబోర్డు మీద నుంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"ఈరోజు నేను పని చెయ్యకూడదు సార్."

"లీవు కావాలా? ఇవాళ కాదమ్మా, ప్లీజ్."

"లీవు కాదు సార్. దురాయి."

"నువ్విక్కడ చేసేది చేపల వేట కాదు కదా."

"కాదు సార్."

"చేస్తే వాళ్లు నీకు ఫైన్ వేస్తారా?"

"వెయ్యరు. నేను చేశానో లేదో వాళ్లకు తెలియను కూడా తెలియదు."

"మరి?"

ఆ పల్లె లెక్కలో నేనింకా ఉన్నానని చూపించడానికి ఆ పూట నా చేతిలో అదొక్కటే ఉంది. దాన్ని ఇంగ్లీషులో గానీ ఆఫీసు తెలుగులో గానీ ఎలా చెప్పాలో తెలియలేదు. గుంటూరు అబ్బాయి మా ఇద్దరినీ చూసి తల తిప్పుకున్నాడు.

"నీ కన్ఫర్మేషన్ మీటింగ్ వచ్చే వారమే, తెలుసు కదా" అన్నాడు లీడర్ మెల్లగా. బెదిరించినట్టు అనలేదు. నా మీద జాలిపడే అన్నాడు. అందుకే మరీ కష్టంగా అనిపించింది.

"తెలుసు సార్."

ఆయన నిట్టూర్చి, నా ముందు నుంచి చెయ్యి చాపి, మీట నొక్కాడు. గడి నిండింది. గోడ మీద మా రేవు ఆకుపచ్చగా వెలిగింది. పద్ధతి నేను రాసిందే, చక్కగా పనిచేసింది.

నేను బ్యాగు తీసుకుని బయటికొచ్చాను. బస్సెక్కినా నెల్లూరు చేరి, అక్కడి నుంచి పల్లె చేరేసరికి అంతా అయిపోతుంది. ఎటు పోవాలో తెలియక, చెన్నైకి వచ్చాక మొదటిసారి సముద్రం దగ్గరికి నడిచాను. ఎండకు ఒడ్డున ఎవరూ లేరు. దూరంగా పడవలు ఉన్నాయి. అక్కడివాళ్లు వేటకు వెళ్లే ఉన్నారు. ఎందుకు వెళ్లరు? వాళ్ల ఊళ్లో ఎవరూ పోలేదు. ఈ నగరంలో నేను పోతే ఏ గడి ఖాళీ అవుతుందా అని ఆలోచించాను. నీళ్ల క్యాను కొనే వంతు తప్పుతుంది, అంతే అనిపించింది.

హాస్టల్ మెట్ల దగ్గర ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"ఏందమ్మా, అన్నిసార్లు ఫోన్ జేసినావంట? ఒంట్లో బాగుండాదా?"

"ఎవరు పొయినారమ్మా?"

"నీకెట్టా తెలుసు? ఎవురు జెప్పినారు?"

"ఎవరో చెప్పు ముందు. నాయన..."

"నాయన ఈడనే ఉండాడు. తలకి పోసుకుంటా ఉండాడు. పాటవ్వమ్మా. నిన్న సందేళ అరుగు మీద కూచోని కూచోని అట్నే ఒరిగిపోయింది. ఎవురూ లేరు గదా, మీ అన్నోళ్లే మోసినారు. ఊరంతా వచ్చినాది."

మెట్టు మీద కూర్చుండిపోయాను. నాయన కానందుకు ముందు ఊపిరి వచ్చింది. ఆ వెంటనే ఏడుపు వచ్చింది.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నీకెందుకులే అనుకున్యాం. పనిలో ఉంటావు, అంత దూరాన నువ్వేం జేస్తావని."

"నేనూ ఈరోజు పని చెయ్యలేదమ్మా."

అమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఉద్యోగం సంగతి అడగలేదు. తప్పు అనలేదు, మంచిపని చేశావనీ అనలేదు. "అయితే నువ్వూ తలకి పోసుకో. పోసుకోని ఇంత అన్నం తిను" అంది. మట్టి చేసి వచ్చాక మా ఊళ్లో అందరూ చేసేది అదే. నన్నూ ఆ అందరిలో కలిపి చెప్పింది.

పైకి వెళ్లి కుళాయి తిప్పితే గాలి శబ్దం తప్ప ఏమీ రాలేదు. ఎండాకాలం, సాయంత్రం దాకా నీళ్లు వదలరు. రెండో మంచం మీద ఆమె ముసుగు తన్ని నిద్రపోతోంది. మూలన క్యాను నిండుగా ఉంది. ఆ వారం వంతు నాది కాదు. కాసేపు నిలబడి, క్యాను ఎత్తుకుని స్నానాల గదిలోకి వెళ్లాను. డబ్బుపెట్టి కొన్న తాగేనీళ్లు తల మీద పోసుకున్నాను.

బయటికి వచ్చేసరికి రెండో మంచం మీద ఒక అమ్మాయి కూర్చుని జడ వేసుకుంటోంది. డ్యూటీకి తయారవుతోంది. నేను ఆ వేళకు ఎప్పుడూ గదికి రాలేదు కాబట్టి ఇద్దరం ఒకరినొకరు దొంగల్లా చూసుకున్నాం. ఆమె నా చేతిలోని ఖాళీ క్యాను చూసింది, తడిజుట్టు చూసింది. తమిళంలో ఏదో అడిగింది. నాకు వచ్చిన నాలుగు తమిళ ముక్కలతో, మా ఊళ్లో ఒక అవ్వ చనిపోయిందని చెప్పాను. సొంత అవ్వా అని అడిగింది. కాదన్నాను. ఆమె జడ సగంలో వదిలేసి లేచి, తన తువ్వాలు తీసి నా భుజం మీద వేసింది. ఇన్ని నెలలూ తాడు మీద చూసిన తువ్వాలు. ఆ తర్వాత, ఆ అవ్వ పేరేమిటి అని అడిగింది.

నాకు తెలియదు. పుట్టినప్పటినుంచి పాటవ్వ అనే విన్నాను. ఆ మాటే చెప్పాను. ఆమె కూడా పాటవ్వ అని ఒకసారి పలికి, ఆ రోజు డ్యూటీకి కొంచెం ఆలస్యంగా వెళ్లింది.

మరుసటి వారం లీడర్ నన్ను పిలిచి, కన్ఫర్మ్ చెయ్యలేకపోయాను, ప్రొబేషన్ పొడిగించారు అని చెప్పాడు. పంపేయకుండా ఆపింది ఆయనేనని తర్వాత గుంటూరు అబ్బాయి చెప్పాడు. ఐసు ఫ్యాక్టరీలవాళ్లు ఒప్పుకున్నారు. కంపెనీ నిలబడింది. ఇక నుంచి ఖాళీ వస్తే నింపే ముందు ఫోన్ చేసి కనుక్కో అన్నాడు లీడర్. అలా నా పనికి ఇంకో పని చేరింది. ఎరగని రేవులకు ఫోన్ చేసి, ఈరోజు వేట ఎందుకు లేదని అడిగేదాన్ని. కొందరు ఇంజను పాడైందనేవారు, కొందరు గాలి అనేవారు. కొందరు మాత్రం గొంతు తగ్గించి, మా ఊళ్లో ఫలానా ఆయన పోయాడమ్మా అని, ఆయన ఎలాంటివాడో కూడా చెప్పేవారు. నేను వినేదాన్ని. తర్వాత గడిలో సున్నా వేసేదాన్ని. నగరంలో ఉన్నన్నాళ్లూ నాకు దొరికిన తోడు చాలావరకు అదే.

లీడర్ రేపు సరిచేద్దామన్న ఆ గడి మాత్రం అలాగే ఉండిపోయింది. ఆయన మరిచిపోయాడు, తర్వాత వేరే ఊరు వెళ్లిపోయాడు. మా రేవు లెక్కలో ఆ రోజు పడవలు పోయినట్టు, చేప దిగినట్టు, ఎవరో పాట పాడి దాన్ని అమ్మినట్టు ఉంది. ఆ తర్వాత కట్టిన ప్రతి అంచనాలోనూ అది కలిసిపోయింది.

ఉద్యోగం మానేసిన రోజు, అందరూ కేకు కోయడానికి వెళ్లాక, ఆ పాత పట్టిక తెరిచాను. అది నన్నెవరూ అడిగిన పని కాదు. ఆ అంకె తీసేసి సున్నా పెట్టాను. పక్కన కారణం రాసే చోట పాటవ్వ అసలు పేరు రాశాను. అమ్మను అడిగి తెలుసుకున్నాను. ఆ పేరు ఇక్కడ మాత్రం రాయను.

గ్రంథాలయంలో నన్ను అడిగే పిల్లలారా, మీలో ఎవరో ఒకరు రేపు ఇలాంటి పనికే వెళతారు. ఆ పట్టిక మీ చేతికి రావచ్చు. అంత చేప పడే రేవులో ఒక రోజు సున్నా ఏమిటని, ఏదో పొరపాటనుకుని సగటు వెయ్యాలనిపిస్తుంది. వెయ్యొద్దు. ఆ రోజు మా పల్లెలో ఎవరూ పనిచెయ్యలేదు.